నీళ్లు రాకముందు రాయాల్సిన వార్త

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే దారిలో వచ్చాయి. తుఫాను, వరద, ఎండ. రాసినవాళ్లలో సగం మంది విలేకరులు, మిగతా సగం వాళ్లు రాసింది చదివి విసిగిపోయినవాళ్లు. చాలా ఏళ్లు లోకల్ పేజీల డెస్క్‌లో, అంటే విలేకరులు పంపినవి దిద్ది పేజీలో పెట్టే చోట, కూర్చున్నదాన్ని కాబట్టి రెండు వర్గాల కోపమూ నాకు కొత్త కాదు. పేర్లు తీసేసి వేస్తున్నాను. విలేకరి ఉద్యోగం ఎంత సన్నటి దారం మీద ఉంటుందో తెలుసు.

ప్రశ్న: నేను స్ట్రింగర్‌ని, నెల జీతం కాకుండా వార్తకింత అని తీసుకునే విలేకరిని. తుఫాను వస్తోందంటే చాలు, డెస్క్ నుంచి గంటకో ఫోన్. మామూలు రోజుల్లో కాలువ పూడిపోయిందని, కరకట్టకి బొరియలు పడ్డాయని రాసి పంపితే సింగిల్ కాలమ్ కూడా వేయరు. ‘ఎవరైనా పోయారా?’ అని అడుగుతారు. వర్క్‌షాపులకి వెళ్తే మాత్రం ‘వాతావరణ మార్పు మీద ప్రజల్లో అవగాహన పెంచండి’ అంటారు. ఏం రాస్తే వేస్తారో మీరే చెప్పండి.

జవాబు: తమ్ముడూ, డెస్క్‌ని కాసేపు క్షమించు. పేజీ కదలాల్సిన టైముకి వాళ్ల ముందు ఒక హత్య, ఒక ధర్నా, ఒక మంత్రి పర్యటన ఉంటాయి. నీ కాలువ వాటి పక్కన నిలబడాలి. ‘పూడికతో ప్రజల ఇబ్బందులు’ అనే హెడ్డింగ్ పెడితే అది నిలబడదు. ఆ హెడ్డింగ్ కింద ఏ ఊరి కాలువనైనా పెట్టొచ్చు, అందుకే దాన్ని ఎవరూ చదవరు.

కాలువ దగ్గరికి టేపు పట్టుకుని వెళ్లు. తవ్వినప్పుడు ఎంత వెడల్పు ఉండాలని రికార్డులో ఉంది, ఇప్పుడు కొలిస్తే ఎంత వచ్చింది? చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు, ఆ పని బిల్లు ఎవరి పేరున పాసైంది? పొంగితే మొదట నీళ్లు వచ్చేది ఏ వీధిలోకి, ఆ వీధిలో మంచం దిగలేని ముసలివాళ్లు ఎన్ని ఇళ్లలో ఉన్నారు? రాత్రిపూట వాళ్లని ఎవరు మోసుకెళ్లాలి, ఎక్కడికి? ఇవన్నీ రాస్తే అది పూడిక వార్తగా మిగలదు. ఆ వీధిలో ఉన్న ప్రతి ఇంటి వార్త అవుతుంది. అంత సమాచారంతో వచ్చిన వార్తని పక్కన పడేయాలంటే డెస్క్‌కి కూడా కొంచెం భయం వేస్తుంది. ఆ భయమే నీకు కావాల్సింది.

అమెరికాలో న్యూ ఆర్లీన్స్ అనే నగరం ఉంది. చాలా భాగం సముద్రమట్టం కన్నా కింద, కరకట్టల మధ్య గిన్నెలో కూర్చున్నట్టు ఉంటుంది. అక్కడి స్థానిక పత్రిక టైమ్స్-పికయూన్ 2002 జూన్‌లో వరసగా అయిదు రోజులు కథనాలు వేసింది. పెద్ద హరికేన్ (తుఫానుని అక్కడ అలా అంటారు) నేరుగా వస్తే కరకట్టల సంగతేమిటి, నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, సొంత కారు లేని పేదవాళ్లు ఎలా బయటపడతారు అని ఇద్దరు విలేకరులు ముందుగానే రాశారు. ఆ రోజు ఏ తుఫానూ లేదు. ఎవరూ పోలేదు. మూడేళ్ల తర్వాత, 2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ వచ్చింది. నగరంలో దాదాపు 80 శాతం మునిగింది, ఆ తుఫాను మొత్తం మీద 1,300 మందికి పైగా చనిపోయారు. పత్రిక ఆఫీసు చుట్టూ కూడా నీళ్లు చేరితే సిబ్బంది పేపర్లు వేసే లారీలెక్కి బయటపడ్డారు. మూడు రోజులు అచ్చు లేదు, ఇంటర్నెట్‌లో మాత్రమే పత్రిక వచ్చింది. తర్వాతి ఏడాది ఆ పత్రికకి అమెరికా జర్నలిజంలో పెద్ద గౌరవమైన పులిట్జర్ బహుమతులు దక్కాయి.

‘ముందే రాసినా జనం చనిపోయారు కదా, ఏం లాభం?’ అని నువ్వు అడుగుతావు. నిజమే, రాత కరకట్ట కట్టదు. కానీ కత్రినా తర్వాత ‘ఇలా జరుగుతుందని ఎవరూ ఊహించలేదు’ అని ఏ నాయకుడు నోరు తెరిచినా, ఆయన ముందు పెట్టడానికి తేదీతో సహా ఒక పాత పేపరు ఉంది. నాకైతే అది చిన్న విషయం కాదు.

ఇంకొకటి చెబుతాను, ఇది పెట్టుబడి లేని పని. మీ ఊళ్లో పాత పేపర్ల ఫైలు, పాత పంచాయతీ రికార్డులు, గుడి గోడ మీద, వంతెన స్తంభం మీద ఎవరో గీసిన నీటిమట్టం గుర్తులు వెతుకు. జర్మనీలో ఆర్ అనే చిన్న నది ఉంది. 2021 జులై 14 రాత్రి పొంగి ఆ ఒక్క లోయలోనే 130 మందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కడ అధికారుల దగ్గర వరద ముప్పు మ్యాపులు లేకపోలేదు. అయితే అవి 1947 నుంచి ఉన్న కొలతల మీద ఆధారపడ్డాయి. 1804లోనూ 1910లోనూ అదే నది ఊళ్లని ఊడ్చుకుపోయిందన్న సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉంది, మ్యాపులో లేదు. ఇంజనీరు కొలత లేనిదాన్ని లెక్కలోకి తీసుకోలేకపోయాడు. లోకల్ విలేకరికి ఆ ఇబ్బంది లేదు. తొంభై ఏళ్ల పెద్దాయన ‘మా నాన్న ఈ మెట్టు దాకా నీళ్లు చూశాడు’ అంటే ఆ మెట్టుని ఫొటో తీసి, పాత పేపరుతో సరిచూసి, పక్కన ఇప్పుడు అక్కడ కట్టిన ఆసుపత్రి ఎత్తు ఎంతో రాయొచ్చు. ఫస్ట్ పేజీ ఐటమ్ అది. మీ ప్రాంతానికి మాత్రమే వచ్చే జోన్ పేజీలో వేసినా సరే, చదువుతారు.

ప్రశ్న: మా దగ్గర ‘వందేళ్లలో ఇలాంటి వరద రాలేదు’ అని పేపర్లన్నీ రాశాయి. అంటే ఇంకో వందేళ్లు మాకు నిశ్చింతే కదా? ఇల్లు అక్కడే మళ్లీ కట్టుకుందామనుకుంటున్నాం.

జవాబు: ఆగండి. వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి టైము ప్రకారం వచ్చేది కాదు. ఏ ఏడాదైనా రావడానికి 1 శాతం అవకాశం ఉన్న వరద అని. సంచిలో వంద గోళీలు, అందులో ఒకటి ఎర్రది. ఈ ఏడు ఎర్రది చేతికొచ్చిందని వచ్చే ఏడు దాన్ని సంచిలోంచి తీసేయరు, మళ్లీ లోపలే వేస్తారు. ముప్పై ఏళ్ల ఇంటి లోను కాలంలో అది కనీసం ఒకసారి చేతికొచ్చే అవకాశం సుమారు 26 శాతం. అదీ వానల తీరు మారనట్టయితే. మారుతోంది కాబట్టి చాలాచోట్ల సంచిలో ఎర్ర గోళీలు పెరుగుతున్నాయి. ఈ రెండు వాక్యాలు రాయకుండా ‘వందేళ్ల రికార్డు’ అని హెడ్డింగ్ పెట్టినవాళ్లని మీరు తిట్టుకోవచ్చు. కట్టక తప్పదంటే, మొన్న నీళ్లు వచ్చిన ఎత్తుని గోడ మీద గీసుకుని, నేలని దానికంటే పైకి లేపి కట్టండి.

ప్రశ్న: టీవీలో ఎప్పుడూ రెడ్ అలర్టే. మొన్న అధికారులు చెప్పారని ఇల్లు వదిలి బడిలో పడుకున్నాం. చినుకు పడలేదు. ‘ఇంకోసారి ఎవరొచ్చి చెప్పినా కదిలేది లేదు’ అని మా ఇంట్లో ఆయన తీర్మానం చేశారు. ఆయన్ని తప్పు పట్టగలరా?

జవాబు: ఆయన్ని తప్పు పట్టను అమ్మా. కానీ ఒప్పుకోను కూడా.

స్విట్జర్లాండ్‌లో బ్లాటెన్ అనే కొండ ఊరు ఉండేది. పైన హిమానీనదం మీదకి కొండరాళ్లు జారి పడుతున్నాయని గమనించి 2025 మే నెలలో ఊళ్లో ఉన్న మూడొందల మందినీ ఖాళీ చేయించారు. రోజులు గడిచాయి. అప్పుడు కూడా ఎవరో ఒకరు ‘ఇంకా ఎన్నాళ్లు?’ అని గొణిగే ఉంటారు. మే 28న హిమానీనదం విరిగి పడి ఊరిలో దాదాపు 90 శాతం మట్టి కింద కప్పబడిపోయింది. చనిపోయింది ఒక్కరు. కొండ నిలిచిపోయి ఉంటే ఆ మూడొందల మందిని అనవసరంగా తిప్పినట్టే లెక్క వేసేవారు. అధికారులు చేసిన పని రెండు సందర్భాల్లోనూ ఒకటే.

తుఫాను దారి మ్యాపులో గరాటులా విప్పుకున్న ఒక బొమ్మ చూపిస్తారు కదా. చాలామంది ఆ గరాటు లోపల ఉంటే ప్రమాదం, బయట ఉంటే క్షేమం అనుకుంటారు. అది తుఫాను కేంద్రం ఎటు వెళ్లొచ్చో చెప్పే బొమ్మ మాత్రమే. మూడింట ఒకసారి కేంద్రం దాని బయటికి కూడా పోతుంది. పైగా గాలి, వాన, ఉప్పెన ఎంత దూరం విస్తరిస్తాయో ఆ బొమ్మలో ఉండదు. 2022 సెప్టెంబరులో ఇయన్ హరికేన్ అమెరికాలోని ఫ్లోరిడా మీదకి వచ్చినప్పుడు అక్కడి లీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆ గరాటు అంచున ఉంది. ఖాళీ చేయమన్న ఆదేశం తుఫాను తీరం తాకడానికి ముందు రోజు ఉదయం గానీ రాలేదు. ఆ తుఫానుకి 150 మంది దాకా చనిపోయారు, ఉప్పెన ఎక్కువగా పొట్టన పెట్టుకున్నది ఆ కౌంటీలోనే.

మీ ఆయన కోపంలో న్యాయమైన భాగం టీవీల మీద. గాలి వీయకముందే ‘విలయం’, ‘ప్రళయం’ అని స్క్రోలింగ్ నడిపితే, నిజంగా వచ్చే రోజుకి వాళ్ల దగ్గర ఇంకే మాటా మిగలదు. నా డెస్క్‌లో ఆ రెండు మాటలూ తుఫాను దాటాక తప్ప వాడనిచ్చేదాన్ని కాదు. సబ్ ఎడిటర్లు వెనకాల ఏమనుకునేవారో నాకు తెలుసు. అలాగే, తుఫాను దారి తప్పిన మర్నాడు ‘ఊపిరి పీల్చుకున్న తీరం’ అని రాసి వదిలేయకూడదు. ఎందుకు తప్పింది, ఎంత దూరంలో తప్పింది, ముందు రోజు అంచనాలో అనిశ్చితి ఎంత చెప్పారు అని ఆ రోజే రాయాలి. అలా రాసి ఉంటే మీ ఆయనకి ఈ తీర్మానం చేసే అవసరం వచ్చేది కాదు.

ఇప్పుడు ఆయనకి వేలెన్సియా సంగతి చదివి వినిపించండి. స్పెయిన్‌లో 2024 అక్టోబరు 29 ఉదయం 8 గంటల లోపే వాతావరణ శాఖ రెడ్ హెచ్చరిక ఇచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయం ఆ రోజు క్లాసులు రద్దు చేసింది. కానీ ప్రభుత్వం జనం ఫోన్లకి హెచ్చరిక పంపేసరికి రాత్రి 8 దాటింది. అప్పటికే వీధుల్లో నీళ్లు. 220 మందికి పైగా పోయారు. కార్లు తీద్దామని భూగర్భ గ్యారేజీల్లోకి దిగినవాళ్లు ఎందరో అందులో ఉన్నారు. ఇంకా దారుణం ఏమిటంటే, ఎక్కువ మంది చనిపోయిన కొన్ని ఊళ్లలో ఆ సాయంత్రం వాన పెద్దగా లేదు. నీళ్లు ఎగువ నుంచి వాగులో వచ్చిపడ్డాయి. ‘మా దగ్గర చినుకు లేదు’ అన్న ధైర్యం ఎందుకు పనికిరాదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. విలేకరులు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. వరద రోజున మీ ఊళ్లో ఆకాశం ఫొటో తీయడం మానేసి ఎగువ ఊరి విలేకరికి ఫోన్ చేయండి. ఆయన నంబరు మీ దగ్గర లేకపోతే ఈ రోజే సంపాదించండి.

ప్రశ్న: ‘ఆనకట్ట తెగింది, అందరికీ ఫార్వర్డ్ చేయండి’ అని వాట్సాప్‌లో వీడియో వస్తే నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి? టెన్షన్‌తో చచ్చిపోతున్నాం.

జవాబు: ఆ వీడియోలో తేదీ, ఊరు, చెప్పినవాళ్ల పేరు మూడూ ఉన్నాయా చూడండి. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఫార్వర్డ్ చేయకండి, కానీ ఆనకట్ట దిగువనే ఉంటే మాత్రం ఎత్తయిన చోటికి నడవడం మొదలుపెట్టి, దారిలో ఫోన్ చేసి కనుక్కోండి. పుకారైతే కాళ్లు నొప్పి పుడతాయి, అంతే. విలేకరులకి ఒక మాట: ‘అది వదంతి, నమ్మొద్దు’ అని మాత్రమే రాస్తే ఎవరికీ భయం తగ్గదు. ఇన్ని గంటలకి నీటిమట్టం ఇంత, ఇన్ని గేట్లు ఎత్తారు, తర్వాతి కొలత ఎప్పుడు చెబుతారు అని రాస్తే తగ్గుతుంది.

ప్రశ్న: నేను ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. వరదకి ఫొటో ఉంటుంది, ఎండకి ఏముంటుంది? ముఖానికి గుడ్డ కట్టుకున్న అమ్మాయి ఫొటో ఏటా అదే వేస్తున్నాం. వడదెబ్బ మృతులు ఇంతమంది అని మేము రాస్తే, అవి గుండెపోట్లని అధికారులు ఖండిస్తారు. ఎవరి అంకె వేయాలి?

జవాబు: నాకు ఇష్టమైన ప్రశ్న ఇది, కాస్త ఓపిక పట్టు.

ఎండ మనిషిని చంపినప్పుడు సర్టిఫికెట్ మీద ఎండ అని రాయడం తక్కువ. గుండె ఆగిందని రాస్తారు, కిడ్నీలు పాడయ్యాయని రాస్తారు. అవి అబద్ధాలు కావు, అప్పటికే జబ్బు ఉన్న శరీరం మీద ఎండ చివరి దెబ్బ కొడుతుంది. అందుకే శవాలని ఒక్కొక్కటిగా ‘ఇది వడదెబ్బ, ఇది కాదు’ అని విడదీసే గొడవలోకి దిగితే విలేకరి ఎప్పుడూ ఓడిపోతాడు. దానికి వేరే లెక్క ఉంది. ఆ వారంలో మామూలుగా ఏటా ఎంతమంది చనిపోతారు, ఈ ఏడు ఎంతమంది చనిపోయారు? ఆ తేడాయే అదనపు మరణాలు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో 46.8 డిగ్రీలు నమోదయ్యాయి. తర్వాత పరిశోధకులు లెక్క తీస్తే ఆ నెలలో అదనపు మరణాలు 1,344 అని తేలింది. ఆ లెక్క బయటపడ్డాకే 2013లో ఆ నగరం వడగాలుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది, దక్షిణాసియాలో అదే మొదటిది. 2003లో యూరప్ ఎండలకి అదనపు మరణాలు సుమారు 70,000. డబ్బున్న దేశాలు, మంచి ఆసుపత్రులు, అయినా అంతమంది.

అధికారులు ఖండించడం కూడా కొత్త కాదు. 1995 జులైలో చికాగోలో ఎండలకి 700 మందికి పైగా పోయారు. శవాలు పెట్టడానికి చోటు చాలక మార్చురీ బయట ఫ్రీజర్ లారీలు నిలబెట్టారు. అంత జరుగుతున్నా, మరణ కారణాలు తేల్చే అధికారి (మెడికల్ ఎగ్జామినర్) ఎడ్మండ్ డనహ్యూ చెప్పిన అంకెలని మేయర్ రిచర్డ్ డేలీ బహిరంగంగా అనుమానించాడు. తర్వాత లెక్కలు డనహ్యూ పక్షానే నిలిచాయి. చనిపోయినవాళ్లలో చాలామంది ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, తలుపులు కిటికీలు బిగించుకుని లోపలే ఉన్నవాళ్లు.

కరీబియన్ సముద్రంలో అమెరికా పాలనలో ఉన్న దీవి పోర్టోరికో సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2017 సెప్టెంబరు 20న మరియా హరికేన్ వచ్చింది. ప్రభుత్వం దాదాపు ఏడాది పాటు మృతులు 64 అనే అంది. అక్కడి పరిశోధనాత్మక జర్నలిజం కేంద్రం నమ్మలేదు. మరణాల రికార్డులు ఇవ్వమని కోర్టుకెళ్లింది, కుటుంబాల దగ్గరికి వెళ్లి డయాలసిస్ ఆగిపోయినవాళ్లు, ఆక్సిజన్ అందనివాళ్లు ఎంతమందో రాస్తూ పోయింది. 2018 ఆగస్టులో ప్రభుత్వమే అంకెని 2,975కి మార్చింది.

అంచేత నీ ప్రశ్నకి జవాబు: రెండు అంకెలూ వేయి, ఏది ఎలా వచ్చిందో రెండు లైన్లలో చెప్పు. శ్మశానాల రిజిస్టరు, జనన మరణాల రిజిస్టరు చూసే విలేకరి ఒకరు నీకుంటే, వేసవి అయ్యాక గత అయిదేళ్లతో పోల్చి ఒక కథనం చేయించు. ఫొటో సంగతికొస్తే, గుడ్డ కట్టుకున్న అమ్మాయిని వదిలెయ్యి, ఆమె బండి మీద హాయిగానే వెళ్తోంది. మధ్యాహ్నం రెండింటికి రేకుల ఇంట్లో థర్మామీటర్ పెట్టి ఫొటో తీయించు. రాత్రి పదకొండుకి మళ్లీ తీయించు. రాత్రి కూడా చల్లబడని గది ఎంత ప్రమాదమో ఆ రెండో ఫొటో చెబుతుంది. ‘రేపు గరిష్ఠం ఇంత’ అన్న బాక్సులో కనిష్ఠ ఉష్ణోగ్రతకి కూడా అంతే సైజు అక్షరాలు పెట్టు.

ప్రశ్న: జర్నలిజం విద్యార్థిని. ప్రతి వరద వార్తలోనూ ‘వాతావరణ మార్పు వల్లే’ అని రాయొచ్చా? రాయకపోతే అవగాహన కల్పించనట్టా?

జవాబు: ‘వల్లే’ అన్న మాట దగ్గర ఆగమ్మా. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు, కాబట్టి కురిసినప్పుడు కుండపోతలు బలపడతాయి. ఇంతవరకు భౌతికశాస్త్రం, ధైర్యంగా రాయొచ్చు. ఫలానా వాన మీద వాతావరణ మార్పు ప్రభావం ఎంత అన్నది విడిగా లెక్క వేసే శాస్త్రం కూడా ఉంది. వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ అనే శాస్త్రవేత్తల బృందం కొన్ని రోజుల్లో, వారాల్లో ఆ లెక్కలు ఇస్తోంది. లెక్క వచ్చాక రాయి.

అయితే మొత్తం నేరం ఆకాశం మీద తోసేస్తే మున్సిపాలిటీ వాళ్లు నీకు సన్మానం చేస్తారు. లిబియాలో దెర్నా నగరం చూడు. 2023 సెప్టెంబరులో డేనియల్ తుఫాను. అంత వాన పడే అవకాశం వాతావరణ మార్పు వల్ల 50 రెట్ల దాకా పెరిగిందని ఆ బృందం చెప్పింది. కానీ వేల మందిని చంపింది నగరానికి ఎగువన ఉన్న రెండు పాత ఆనకట్టలు తెగి వచ్చిన నీళ్లు. వాటికి వెంటనే మరమ్మతులు చేయాలని అబ్దెల్‌వనీస్ అషూర్ అనే జలశాస్త్రవేత్త అంతకుముందు ఏడాదే పరిశోధన పత్రంలో రాశాడు. వానని పెంచింది ఏది, వానని మరణంగా మార్చింది ఏది అని రెండు ప్రశ్నలుగా విడదీసి రాయి. రెండోదానికి జవాబు నీ ఊరి ఆఫీసుల్లోనే దొరుకుతుంది. దానికి శాస్త్రవేత్త అక్కర్లేదు, చెప్పులు అరగాలి.

ప్రశ్న: కరెంటు పోతే మా దగ్గర సెల్ టవర్ కూడా పోతుంది. ఇంట్లో ఫోన్ ఒకటే, అది మగవాళ్ల జేబులో ఉంటుంది. మాకు వార్త ఎలా చేరుతుంది?

జవాబు: మీరు అడిగింది ఎంత పెద్ద ప్రశ్నో 1991లో బంగ్లాదేశ్‌లో తెలిసింది. ఏప్రిల్ 29 రాత్రి తుఫానులో సుమారు 1,38,000 మంది చనిపోయారు, మృతుల్లో ఆడవాళ్లే చాలా ఎక్కువ. కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి, హెచ్చరిక మగవాళ్లు తిరిగే చోట వినిపించింది, ఇంటి లోపలికి రాలేదు. వచ్చినా, ఇంట్లో మగవాళ్లు లేకుండా కదలడానికి చాలామంది జంకారు.

ఆ దేశమే తర్వాత దారి కూడా చూపించింది. 1970 నవంబరు తుఫానుకి మూడు నుంచి అయిదు లక్షల మంది పోయాక, 1972లో అక్కడ తుఫాను సన్నద్ధత కార్యక్రమం మొదలైంది. ఊళ్లలోని వాలంటీర్లే మెగాఫోన్లు, సైరన్లు, జెండాలు పట్టుకుని ఇంటింటికీ వెళ్తారు. ఇప్పుడు వాళ్లు 70,000 మందికి పైగా ఉన్నారు, అందులో సగం ఆడవాళ్లు. ఆశ్రయ భవనాలు కూడా పెరిగాయి. 2007 నవంబరులో సిద్ర్ తుఫాను వచ్చినప్పుడు మృతులు సుమారు 3,400. ఆ అంకె కూడా ఎక్కువే, కానీ 1970తో పక్కపక్కన పెట్టి చూడండి.

మీ చేతిలో ఉన్నవి చెబుతాను. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఒకటి కొనిపించండి. మరియా తుఫానులో పోర్టోరికోలో సెల్ టవర్లు దాదాపు అన్నీ మూగబోయాక కూడా వాపా రేడియో ఆగకుండా నడిచింది, జనం తమవాళ్ల కబురు కోసం ఆ స్టేషన్‌కే నడిచి వెళ్లారు. రెండోది, వాన లేని రోజున మీ సంఘం ఆడవాళ్లంతా కలిసి మీ ప్రాంత విలేకరిని పిలవండి. ఆశ్రయ భవనం తాళం ఎవరి దగ్గర ఉంది, అందులో ఆడవాళ్లకి వేరే మరుగుదొడ్డి ఉందా, గర్భిణిని ఎలా తీసుకెళ్లాలి అని ఆయన ముందు అడగండి. ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియని ఊళ్లు ఉన్నాయి, ఆ ఒక్క విషయమే మంచి వార్త అవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఒక చానల్‌లో రిపోర్టర్. వరద వస్తే మొలలోతు నీళ్లలో నిలబడి లైవ్ ఇస్తాడు. చూడలేకపోతున్నాను. ఫోన్ చేస్తే ఎత్తడు. మీరు చెబితే వింటాడేమో.

జవాబు: నేను చెబితే వినడు గానీ అంకెలు చెబితే వింటాడేమో, రాసి పెట్టండి. పారే నీళ్లు 15 సెంటీమీటర్లు ఉంటే చాలు, పెద్ద మనిషి కాలు జారుతుంది. 30 సెంటీమీటర్లకి చిన్న కారు కొట్టుకుపోవచ్చు. కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో, కరెంటు తీగ తెగి పడిందో లేదో ఆ మట్టి నీళ్లలో ఎవరికీ కనిపించదు. ఇంకొక సంగతి అతనికి తప్పకుండా చెప్పండి. నోటితో ‘ఎవరూ నీళ్లలోకి దిగొద్దు’ అంటూ తను నీళ్లలో నిలబడితే, చూసేవాళ్లు నోటిని నమ్మరు, మొలలోతుని నమ్ముతారు.

లైవ్ పోతుందని భయపడక్కర్లేదు. ఒక కర్రకి అడుగు అడుగుకీ రంగు గీతలు వేసి నీళ్ల అంచున పాతి, తను ఎత్తున నిలబడి గంటకోసారి చూపించమనండి. నీళ్లు ఎక్కుతున్నాయా తగ్గుతున్నాయా అన్నది ఇళ్లలో కూర్చున్నవాళ్లకి అన్నిటికన్నా ముందు కావాలి. పోటీ చానల్ రిపోర్టర్ మొలలోతులో ఉన్నా, జనం మీ అబ్బాయి కర్రనే చూస్తారు. వాళ్ల ఇన్‌చార్జి ఒప్పుకోకపోతే ఈ పేజీ కత్తిరించి ఇవ్వండి.

ఫోన్ సంగతి అంటారా, లైవ్ అయిపోయిన వెంటనే చేయండి. ‘బాగా వచ్చిందా?’ అని ఎవరినో ఒకరిని అడగాలని ప్రతి రిపోర్టరూ ఎదురుచూసే టైము అది. అప్పుడు ఎత్తుతాడు.